పాత క్రేను - మన కర్తవ్యము

మా పట్టణమున స్టేషను రోడ్డునకు ఉత్తరముననున్న పాత కలప అడితి ఆవరణలో, వేపచెట్టు క్రింద, ముప్పదియైదేండ్లుగా కదలక మెదలక ఒక యంత్రము నిలిచియున్నది. దానిని ఎరుగని వారు ఈ యూర లేరు. ఆరు చక్రముల మిలిటరీ లారీపై నమర్చిన బరువులెత్తు క్రేను అది. దాని ఉక్కుదూలముపై పావురములు గూళ్లు పెట్టినవి. చక్రముల నీడను మేకలు పండుకొనును. బడికి పోవు పిల్లలు దాని మెట్టెక్కి చోదకుని పీఠమున గూర్చుండి ఆటలాడుదురు. మేమును ఆ పీఠమున గూర్చుండినవారమే.

ఇప్పుడు ఆ స్థలము చేతులు మారనున్నది. దానిని చిరకాలము అనుభవించిన కంట్రాక్టరుగారు గతించిరి. వారి కుమారులిరువురు ఆస్తి పంచుకొనిరి. సంక్రాంతి నాటికి ఆవరణ ఖాళీచేసి కొన్నవారికి అప్పగింపవలసి యున్నది. జ్యేష్ఠుడు పాతయినుము వర్తకునితో బేరమాడుచున్నాడు. కనిష్ఠుడు కొందరు యువకులతో గూడి, యంత్రమును బాగుచేయించి మరల పనిలో పెట్టవలయునని పట్టుపట్టుచున్నాడు. సోదరులిరువురును మమ్ములను మధ్యవర్తిగా నుండుడని కోరిరి. ఇది ఇంటి తగవు మాత్రమే యైనచో పత్రిక కెక్కింపకుందుము. కాని గత మాసము నుండి రీడింగు రూములో ఇతర చర్చలన్నియు వెనుకబడి ఇదియే ప్రధాన ప్రసంగమైనది. ఊరు రెండు పక్షములైనది. సోదరుల సమ్మతితో మా యభిప్రాయమును ప్రజల ముందుంచుచున్నాము.

మొదట ఆ యంత్రమెట్టిదో తెలిసికొనవలయును. తెలియని వస్తువును గూర్చి తీర్పు చెప్పుట న్యాయస్థానమునను తగదు, బజారునను తగదు. తుప్పు గీకి చూడగా రేడియేటరుపై థార్నీక్రాఫ్ట్ పేరును, పై భాగమున ఒక పలకపై కోల్స్ పేరును కానవచ్చినవి. థార్నీక్రాఫ్ట్ లారీలు ఇంగ్లండులోని బేసింగ్‌స్టోకున తయారగుచుండెను. కోల్స్ క్రేనులు రెండవ ప్రపంచ యుద్ధకాలమున సండర్లాండులో తయారైనవి. ఈ రెంటి కలయికను బ్రిటిషు వైమానిక దళము వారు తమ విమాన స్థలములలో విరివిగా వాడిరి. కూలిన విమానమును లాగివేయుట, విమానపు ఇంజనును ఊడదీసి మరియొక ఇంజను నెక్కించుట దాని ముఖ్యకృత్యములు. హరికేను, స్పిట్‌ఫైరు విమానములకు అమర్చిన మెర్లిన్ ఇంజను ఒక్కటియే 600 కిలోలకు పైబడిన బరువు. దానిని అంగుళమంగుళముగా దింపి బోల్టులకు సరిపెట్టవలయును. కావున ఈ క్రేను బలము కన్న నేర్పు కొరకే నిర్మింపబడినదని చెప్పవచ్చును.

దాని పనితీరు నేటి యువకులకు సైతము ఆసక్తి కలిగించునట్టిది. పైభాగముననున్న ఇంజను నేరుగా త్రాటిని లాగదు. అది డైనమోను త్రిప్పును. డైనమో పుట్టించిన విద్యుత్తు వేరువేరు మోటారులకు పోవును. ఒక మోటారు కొక్కెము నెత్తును, ఒకటి దూలమును పైకి క్రిందికి వంచును, ఒకటి మేడనంతయు చుట్టు త్రిప్పును. ఇంజను శబ్దము హెచ్చినను తగ్గినను, చోదకుడు పిడిని మెల్లగా త్రిప్పినచో బరువు మెల్లగానే లేచును. ఎనుబదియేండ్లు దాటిన ఈ యేర్పాటు నేటి విద్యుత్ వాహనముల తత్త్వమునకు దగ్గర చుట్టము.

అది ఈ యూరెట్లు చేరినది? 1945 లో యుద్ధము ముగిసిన పిదప మన దేశమున మిగిలిపోయిన సైనిక సామగ్రి యపారము. లారీలు, గుడారములు, తీగచుట్టలు, యంత్రములు డిస్పోజల్సు పేర వేలమునకు వచ్చినవి. కంట్రాక్టరుగారి తండ్రి మద్రాసు వేలములో దానిని కొని, పగలు నడిపించుకొని, రాత్రులు రోడ్డు ప్రక్కన ఆపుకొనుచు ఇంటికి తెచ్చెనని ఆ కుటుంబము వారు చెప్పుదురు. అటుపిమ్మట నలువదియేండ్లకు పైగా అది ఈ ప్రాంతమున రైసుమిల్లుల బాయిలర్ల నెత్తినది, వంతెనల దూలములను మోసినది, కాలువలో బోల్తాపడిన బస్సులను గట్టున కెక్కించినది. బ్రిటిషు దళమున దాని సేవ నాలుగైదేండ్లకు మించదు. మన యూర దాని సేవ అంతకు పదింతలు.

ఈ సంగతి మేము ప్రత్యేకముగా చెప్పుటకు కారణము కలదు. "పరప్రభుత్వపు సైన్యము విడిచిపోయిన ఇనుమునకు మనము గుడి కట్టవలయునా?" యని ఒక మిత్రుడు రీడింగు రూములో ఆవేశముతో ప్రశ్నించెను. ఆ యావేశమును మేము గౌరవింతుము. కాని ఆ తర్కమును అంగీకరింపజాలము. యంత్రము దానిని చేసినవాని సొత్తు మాత్రమే కాదు, దానితో పనిచేసినవాని చరిత్ర కూడ. రైలు పట్టాలను పీకివేయుదుమా? ధవళేశ్వరము ఆనకట్ట 1847 మొదలు 1852 వరకు కంపెనీ ప్రభుత్వమున కట్టబడినది గనుక దాని నీటిని త్రాగము అందుమా? మన పొలములను తడిపిన నీరు మనది. మన బరువులను మోసిన కొక్కెమును మనదే.

మరియు బరువు మోయుట యన్న మాట తెలుగువారికి పుస్తకములోని మాట కాదు. బర్మా రేవులలో ఓడల సరుకును దింపినవి క్రేనులు కావు. అధికభాగము తెలుగు కూలీల భుజములు. 1930 మే నెలలో రంగూను రేవున ఆ కూలీలు కూలి పెంపునకై సమ్మెకట్టగా, వారికి బదులు బర్మా వారిని పనిలో పెట్టిరి. సమ్మె తీరగానే ఆ బర్మా వారిని వెడలగొట్టిరి. ఆ చిచ్చు అల్లరులై, భారతీయుల ప్రాణములెన్నియో పోయినవి. యజమాని కిరువురును బరువు మోయు భుజములు మాత్రమే యైనందున ఆ యిరువురును ఒకరినొకరు పొడుచుకొనిరి. 1955 డిసెంబరు 10 వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమున సైతము, రాతికట్టడమునే ఎన్నుకొని, వేలాది స్త్రీపురుషులు రాళ్లను మోసి ఆ మహానిర్మాణమును పైకి లేపిరి. ఇంతటి చరిత్ర గల జాతికి, మనుష్యుని మెడపై నుండి బరువును తొలగించిన తొలి యంత్రములలో నొకటి తన యింటి ముంగిట నున్నప్పుడు, దాని విలువను కిలోల లెక్కన మాత్రమే తూచుట తగునా?

ఇంతవరకు చెప్పినది విని కనిష్ఠుని పక్షము వారు చప్పట్లు చరతురు. కాని తొందరపడవలదని వారిని ప్రార్థించుచున్నాము. గౌరవము వేరు, ఉపయోగము వేరు. ఈ భేదమును మన దేశచరిత్రలోని ఒక ఉదంతము చక్కగా బోధించును.

యుద్ధానంతరము కాన్పూరులో లిబరేటర్ అను నాలుగు ఇంజనుల బాంబరు విమానములు పదులకొలది విడిచిపెట్టబడినవి. మరల నెగురకుండునట్లు వాటిని బుద్ధిపూర్వకముగా పాడుచేసిరి. అవి చిత్తు సామానని లోకము తలచెను. అమెరికాలో కింగ్‌మన్ వంటి చోట్ల అట్టి విమానములను వేలకొలది కరగించి లోహపు ముద్దలు చేయుచుండిరి కూడ. కాని స్వతంత్ర భారతమునకు బాంబరులు కావలసియుండెను. క్రొత్తవి కొనుటకు ధనము లేకుండెను. వాల్‌చంద్ హీరాచంద్ గారి చొరవతో 1940 లో బెంగుళూరున వెలసిన హిందుస్థాన్ విమాన కర్మాగారము వారు ఒకదాని భాగములు మరియొకదాని కమర్చుచు ఆ విమానములను ఎగురునట్లు చేసిరి. వారి పరీక్షా వైమానికుడు జంషెడ్ మున్షీ వాటిని కాన్పూరు నుండి బెంగుళూరునకు నడిపించుకొని వచ్చెను. 1948 లో వాటితో మన వైమానిక దళమున ఒక బాంబరు దళమేర్పడినది. 1968 వరకు లిబరేటర్లు మన కొలువులో నుండినవి. నేడు ప్రపంచ మ్యూజియములలో నున్న కొలదిపాటి లిబరేటర్లలో పెక్కు మన దేశము నుండి పోయినవే.

ఈ కథను యువకులు మా యెదుట ఉత్సాహముతో చెప్పిరి. వారు సగము కథయే చదివిరి. ఆ విమానములను బ్రతికించినది మమకారము కాదు. వాటికి పని యుండెను. ఆ పనికి నడుపువారుండిరి. బాగుచేయుటకు పనివారు, పనిముట్లు, కర్మాగారము ఉండెను. ప్రతి దినము పరీక్షించు అధికారి యుండెను. ఒక విమానమును బ్రతికించుటకు మరియొక విమానమును విప్పివేయుట కూడ వారు సంశయింపలేదు. అనగా ఉద్ధరణమును, విడిభాగముల సేకరణమును ఒకదానికొకటి శత్రువులు కావు. ఒకే కార్యమునకు రెండు చేతులు. పని తీరిన పిమ్మట అవి బాంబులు మోయలేదు. మ్యూజియములలో నిలిచి పాఠము చెప్పుచున్నవి. మన క్రేను నేడున్నది ఈ మూడవ దశయందు. దానిని మరల రెండవ దశకు ఈడ్చుటయే పొరపాటు.

ఉద్ధరించుట యన్న ఒక్క మాటలో మూడు వేరు వేరు పనులు కలిసియున్నవి. తుప్పు ఆపి, రంగు వేసి, చూడదగినట్లు నిలుపుట మొదటిది. ఇంజను నడుచునట్లును, డైనమో తిరుగునట్లును, పండుగనాడు మేడ ఒక చుట్టు తిరిగి చూపునట్లును చేయుట రెండవది. మరల బరువు లెత్తించి బాడుగ సంపాదించుట మూడవది. కనిష్ఠుని మిత్రులలో కొందరు మూడవదానినే కోరుచున్నారు. "ఖర్చు తానే రాబట్టుకొనును" అని వారి యాశ. ఇచ్చట మేము స్పష్టముగా వ్యతిరేకింతుము.

కారణము చెప్పెదము. క్రేను ఎత్తగల బరువు ఒక అంకె కాదు. బరువు దగ్గరగా నున్నప్పుడు 5 టన్నులు మోయగల క్రేను, దూలము చాచిన కొలది అందులో సగము, పాతిక వంతు కూడ మోయజాలదు. నూతిగట్టున నిలిచి చేద లాగువాడు చేయి చాచి లాగినచో తూలిపడునట్లే ఇదియును. ఏ దూరమునకు ఎంత బరువో తెలుపు పట్టిక చోదకునకు ప్రాణరక్ష. మన క్రేనుపై ఆ పట్టిక పలక ఊడిపోయినది. మేకుల రంధ్రములు మాత్రము మిగిలినవి. ఉక్కుత్రాడు లోపలి నార నూనె యెండి పొడియైనది. వెలుపల చూచుటకు గట్టిగానున్న త్రాడు లోపల తీగతీగయు తెగియుండవచ్చును. కొక్కెమునందు సన్నని పగులున్నచో కంటికి కానరాదు. జాలి అల్లికగానున్న దూలమున రెండు అడ్డుపట్టీలు వంగియున్నవి. ఎనిమిది దశాబ్దములు ఒత్తిడి నోర్చిన ఉక్కు అలసియుండును. మనుష్యుడలసినచో చెప్పును, ఉక్కు తెగిన పిమ్మట గాని చెప్పదు.

న్యాయశాస్త్రమును ఈ విషయమున మౌనముగా లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 29 వ సెక్షను ప్రకారము, కర్మాగారములలోని బరువులెత్తు యంత్రమును, గొలుసును, త్రాటిని పన్నెండు మాసములకు ఒకసారియైన అర్హుడైన నిపుణుడు సమగ్రముగా పరీక్షింపవలసియుండెను. ఎంత బరువు క్షేమమో యంత్రముపై వ్రాయవలసియుండెను. దానికి మించి ఎత్తరాదని విధించియుండెను. మన అడితి ఫ్యాక్టరీ కాదని తప్పించుకొనవచ్చును. కాని చట్టము కాపాడదలచినది గోడలను కాదు, గోడల నడుమనున్న మనుష్యుని. బయటనున్నంతమాత్రమున వాని పుర్రె గట్టిపడదు.

గత ఆదివారము మేము ఆవరణకు పోయినప్పుడు ఒక వృద్ధుడు మమ్ములను వెదకికొని వచ్చెను. యౌవనమున ఆ క్రేను క్రింద కొక్కెము తగిలించు పని చేసినవాడు. ఏబదియేండ్ల క్రిందటి సంగతులను నిన్నటివలె చెప్పెను. దూలము క్రింద నిలువక, దూరముగా నిలిచియే మాటలాడెను. ఒకనాడు మిల్లు యంత్రము నెత్తుచుండగా త్రాడు తెగి, తనతో కూడ పనిచేయు తన తోడల్లుని చేయి మోచేతి వరకు పోయినదట. కేసు లేదు, పరిహారము లేదు. నూరు రూపాయలిచ్చి పంపిరట. మేము సానుభూతి పలుకబోగా అడ్డుపడి, "బాబుగారూ, దాన్ని కోసెయ్యమని నేననను. అది మా అందరికీ కూడు పెట్టింది. ఉంచండి. కాని ఇంకెవరి బిడ్డనీ దాని కింద నిలబెట్టకండి" అనెను. న్యాయవాద వృత్తిలో ఇరువదియేండ్లకు పైగా సాక్షుల మాటలు వింటిమి. ఇంత సూటియైన సాక్ష్యమును అరుదుగా వింటిమి. మా తీర్పునకు ఆధారము ఈ సాక్ష్యమే.

ఇక జ్యేష్ఠుని పక్షమును విచారింతము. అతనిని దురాశాపరుడని నిందించుట అన్యాయము. అతనికి అప్పులున్నవి, కుమార్తె వివాహము కలదు. లెక్కకొరకు యంత్రము 10 టన్నులనియు, పాతయినుము కిలో 30 రూపాయలనియు అనుకొన్నచో 3 లక్షల రూపాయలగును. ఒక మధ్యతరగతి గృహస్థునకు ఇది అల్పము కాదు. పైగా ఇనుము కరగినంతమాత్రమున నశింపదు. కొలిమిలో కరగి కమ్మియై, పట్టాయై మరల పుట్టును. "ఊరివారికి మ్యూజియము కావలసినచో ఊరివారే వెల యీయవలయును; మా తమ్ముని మనస్సు తృప్తికి నా పాలు ఎందుకు పోవలయును?" అని అతడడుగుచున్నాడు. ఈ ప్రశ్నకు బదులు చెప్పక ప్రాచీన వైభవమును గూర్చి ఉపన్యసించువాడు ఇతరుని సొమ్ముతో దానము చేయువాడే.

అయినను కోతకు సిద్ధపడినవారు రెండు సంగతులు గుర్తింపవలయును. ఒకటి, గ్యాసుమంటతో కోయుట వారు తలచినంత సులభము కాదు. ఆ కాలపు రంగులలో సీసము కలియుట సామాన్యము. మంట తగిలినచో అది పొగయై కోయువాని ఊపిరితిత్తులలో చేరును. ఆనాటి బ్రేకు అట్టలలో ఆస్బెస్టాసు నారను వాడుచుండిరి. దాని ధూళి ఏండ్ల తరువాత రోగమై బయటపడును. పెట్రోలు టాంకి ఖాళీగానున్నదని నమ్మి మంట పెట్టుట బావిలో దూకుటతో సమానము. వర్తకుడు పంపు కోతపనివానికి ముసుగు లేదు, చేతితొడుగు లేదు. త్రాడు తెగి ఒకని చేయి పోయిన స్థలమున, ఇంకొకని ఊపిరి పోవుట న్యాయమా? రెండవది, కిలోల లెక్కన అమ్మినచో డైనమోకును గేటు కమ్మికిని ఒకే వెల. ఇట్టి యంత్రమునే నిలుపుకొనుటకు ఏదో దేశమున ఎవరో ఒక భాగమునకై ఏండ్లతరబడి వెదకుచుండవచ్చును. విడిభాగములుగా విప్పి అమ్మినచో జ్యేష్ఠునకును లాభమే.

"ప్రభుత్వము కాపాడునేమో" యని కొందరి యాశ. ఆ యాశకు ఆధారము లేదని చెప్పుట మా విధి. 1972 నాటి పురావస్తువుల చట్టము ప్రకారము వస్తువునకు నూరేండ్లు నిండిన గాని పురావస్తువు కాదు. ఈ క్రేనునకు ఇంకను పెక్కేండ్లు కొరత. 2021 లో కేంద్రప్రభుత్వము పురాతన మోటారు వాహనముల రిజిస్ట్రేషనుకై ప్రత్యేక నిబంధనలను చేసినది. కాని అవి ఏబదియేండ్లు దాటిన రెండు చక్రముల, నాలుగు చక్రముల సొంత వాహనములకే. ఆరు చక్రముల సైనికపు లారీ ఆ పందిటిలోనికి రాదు. సంపన్నుని కారునకు గౌరవపు నంబరు పలక లభించును. కూలివాని బరువు మోసిన బండికి లభింపదు. ఇది ఆలోచింపదగిన విషయమే. కాని నేటికి చట్టమట్లున్నది. రాజు కాపాడని వస్తువును ప్రజలు కాపాడవలయును. లేదా కాపాడలేమని నిజాయితీగా ఒప్పుకొనవలయును.

కావున ఏ పక్షము వారైనను ముందు ఈ ప్రశ్నలకు బదులు చెప్పవలయును. నిలుపు స్థలమెక్కడ? దానిపై కప్పెవరు వేయింతురు? మొదటి సంవత్సరపు ఉత్సాహము కాదు, అయిదవ సంవత్సరపు గ్రీజు ఖర్చు ఎవరిది? మోటారుల తీగచుట్టు విప్పి మరల చుట్టగల పనివాడెవరు? తాళపుచెవి ఎవరి వద్ద నుండును? రంగు వేయుటకు నూరుగురు వత్తురు. వానకాలమున టార్పాలిను సరిచేయుటకు ఒక్కడు వచ్చునా యనునదియే అసలు పరీక్ష. గ్రంథాలయోద్యమమున పనిచేసినవారమగుటచే మాకీ సంగతి అనుభవమే. ప్రారంభోత్సవమునకు పూలదండలు చాలవు. మూడవ ఏట చెదలు దులుపుటకు చేతులు చాలవు.

ఇవన్నియు విచారించి మేమిచ్చు సలహా ఇది. ఈ క్రేను మరల బరువు నెత్తరాదు. ఈ విషయమున రాజీ లేదు. దూలమును క్రిందికి దింపి దిమ్మెపై నానించి, కొక్కెమును గొలుసుతో బంధింపవలయును. కనిష్ఠుడును అతని మిత్రులును సంక్రాంతికి పదునైదు దినములు ముందుగా మూడు సంగతులు వ్రాతమూలకముగా చూపవలయును: ఒక స్థలము, ఒక కప్పు, అయిదేండ్ల పోషణకు చాలిన చందా. జ్యేష్ఠునకు అతని పాలు ఇనుపవెల కట్టి ఆ చందానుండియే చెల్లింపవలయును. ఈ షరతులు నెరవేరినచో యంత్రమును నిలుపుదురు గాక. ఇంజనును డైనమోను మెల్లగా బాగుచేయుదురు గాక. పట్టణపు ఐ. టి. ఐ. విద్యార్థులకు అదొక పాఠశాల యగును. పుస్తకమున గీతగా చూచిన డైనమోను చేతితో ముట్టి నేర్చికొందురు.

గడువు లోపల ఆ మూడును చూపలేనిచో, ఎవ్వరును కన్నీరు పెట్టక, ఒకరినొకరు నిందింపక, దానిని విప్పుటకు సమ్మతింపవలయును. అప్పుడును క్రమము తప్పరాదు. మొదట అన్ని వైపుల నుండి ఛాయాచిత్రములు తీసి కొలతలు వ్రాసికొనవలయును. టాంకులను ఖాళీచేసి కడుగవలయును. పలకలను, డైనమోను, మోటారులను, పిడులను, రేడియేటరును చెడకుండ విప్పి, అవి కావలసినవారికి తెలియజేయవలయును. కొక్కెము నొకదానిని రీడింగు రూము ముంగిట నిలుపవలయును. మిగిలినదియే వర్తకునకు. కోతపనివానికి ముసుగు, చేతితొడుగు, తగిన కూలి ఇచ్చిన పిమ్మటనే మంట వెలిగింపవలయును. ఇది ఓటమి కాదు. కాన్పూరు విమానములలో కొన్ని విప్పబడుటచేతనే మిగిలినవి ఎగిరినవి.

మేము అసమ్మతించు మార్గము ఒక్కటే. అది ఏమియు చేయకుండుట. వాదించుచు, తీర్మానములు చేయుచు, యంత్రమును ఒక ఖాళీస్థలమునుండి మరియొక ఖాళీస్థలమునకు లాగి, మరల ముప్పదియైదేండ్లు తుప్పునకు వదలుట. మన యూర ఎన్నో మంచి వస్తువులు శత్రువుల చేతిలో చావలేదు. మిత్రుల వాయిదాలలో చచ్చినవి. పెద్ద కోనేటి మెట్లు అట్లే పోయినవి. పాత నాటకశాల కప్పు అట్లే కూలినది.

ఈ సంచిక వెలువడు వారముననే, ఆదివారము సాయంకాలము రీడింగు రూములో సోదరులిరువురును, యువకులును, పురపెద్దలును సమావేశమగుదురు. చందా పుస్తకమును తెరచి యుంచెదము. మా వంతు మొత్తమును మొదటి పంక్తిలో వ్రాసితిమి. ఆ వృద్ధుని కూడ రమ్మని కబురంపితిమి. ఆయనకు ముందు వరుసలో కుర్చీ వేయింపవలయునని కార్యదర్శిగారిని కోరుచున్నాము. ఆయన వినుచుండగా, బాడుగకు మరల బరువు లెత్తింపవలయునని చెప్పగలవారెవరైన నున్నచో లేచి చెప్పుదురు గాక.